ఊరందరికీ చెప్పాం, చెప్పాల్సిన చోట తప్ప

రెండేళ్ల కిందట సెప్టెంబర్లో, ఒక ఆదివారం మధ్యాహ్నానికల్లా, మేం స్వోర్డ్‌ఫిష్ (ముక్కు కత్తిలా పొడుగ్గా ఉండే పెద్ద సముద్రపు చేప) పట్టామన్న సంగతి ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో మాకు తెలిసినవాళ్ళందరికీ తెలిసిపోయింది. అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆఫీసు తెలుగువాళ్ళ గ్రూపు, ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపు, భీమిలిలో అమ్మ, హైదరాబాదులో అన్నయ్య, ఎవర్నీ వదల్లేదు, అందరికీ ఫోటో వెళ్ళింది. చేపకి ఒక పక్క నేను, ఇంకో పక్క బోటు ఓనరు (మేమంతా కెప్టెన్ గారు అంటాం, ఇక్కడా అలాగే అంటాను), మధ్యలో ఆ కత్తి. పులుసు ఎప్పుడు అని మెసేజీలు. పౌండు ఎంతకిస్తారు అని ఇద్దరైతే సీరియస్‌గానే అడిగారు. ఇంతమందికి చెప్పినవాళ్ళం, చెప్పి తీరాల్సిన ఒక్క చోట మాత్రం చెప్పలేదు. చేప ఒడ్డుకు చేరిన 24 గంటల్లోపు ప్రభుత్వానికి రిపోర్టు చెయ్యాలని రూలు. మేం చేసింది నాలుగో రోజు. అదీ ఒక పెద్దాయన అడగబట్టి.

తెలీక చేసిన తప్పే. కానీ తెలిశాక కూడా చెయ్యనివాళ్ళు మా రేవులో బోలెడుమంది ఉన్నారని ఆ తర్వాత అర్థమైంది, వాళ్ళతో రెండు సీజన్లుగా వాదిస్తూనే ఉన్నాను. ఆ వాదనంతా ఒకచోట రాసేస్తే నాకు ప్రశాంతంగా ఉంటుందని ఈ పోస్టు.

ముందు ఆ రాత్రి సంగతి చెప్పాలి. న్యూజెర్సీ తీరంలో మనస్క్వాన్ ఇన్‌లెట్ నుంచి హడ్సన్ కాన్యన్‌కి ఎనభై మైళ్ళ పైనే. హడ్సన్ నది సముద్రంలో కలిసిపోయాక కూడా ఆగనట్టు, సముద్రం అడుగున తీరపు మెట్ట అంచు దాకా పోయి అక్కడ లోయగా దిగిపోతుంది, అదీ కాన్యన్. వేసవి చివర వెచ్చటి నీలం నీళ్ళు అక్కడిదాకా వస్తాయి, వాటితో ట్యూనాలొస్తాయి, వాటి కోసం మాలాంటివాళ్ళం. మా కెప్టెన్ గారిది 31 అడుగుల బోటు, సెకండ్‌హ్యాండ్, రెండు ఇంజన్లు. శనివారం మధ్యాహ్నం బయల్దేరి రాత్రంతా అక్కడే ఉండి ఆదివారం పొద్దున తిరిగి రావడం ప్లాను. నాకు వాంతులు, ఆయనకు ఉత్సాహం.

స్వోర్డ్‌ఫిష్ పగలు పదిహేను వందల అడుగుల లోతున, ఇంకా కిందన కూడా తిరుగుతుంది. ఆ చీకట్లో, ఆ చల్లటి నీళ్ళలో వేటాడటానికి దాని కంటి కండరం ఒకటి పొయ్యిలా పనిచేస్తుంది, కళ్ళనీ మెదడునీ వెచ్చగా ఉంచుతుంది. పొద్దుగూకాక స్క్విడ్‌లతో పాటు అదీ పైకొస్తుంది. అందుకని రాత్రి బోటు కింద పచ్చలైటు వేసి, ఒక్కో గాలానికి ఒక్కో పెద్ద స్క్విడ్ గుచ్చి, పైన గాజుపుల్లలాంటి వెలుగు గొట్టం ఒకటి కట్టి, బెలూన్ తేలగట్టి వదిలేస్తాం. ఒకటి యాభై అడుగుల లోతున, ఒకటి వందన, ఇంకోటి నూట యాభైన. ఇక కూర్చోవడమే. అర్ధరాత్రి దాటాక మూడో బెలూన్ మునిగింది. మునిగి, మళ్ళీ తేలి, ఏమీ లేనట్టు ఊరుకుంది. కెప్టెన్ గారు చెయ్యెత్తి ఎవర్నీ కదలొద్దన్నారు. ముందు కత్తితో కొట్టి చూస్తుందట, తర్వాత తింటుందట. నిజమే, రెండు నిమిషాలకి రాడ్ వంగిన వంపు చూస్తే నాకు వాంతుల సంగతే గుర్తు రాలేదు. గంటన్నర పట్టింది. చేతులు మార్చుకుంటూ ముగ్గురం లాగాం.

బోటు పక్కకి వచ్చినప్పుడు లైటు వెలుగులో ముందు కనపడింది కన్ను. చిన్న సాసరంత ఉంది, నీలం రంగు. పెరిగిన స్వోర్డ్‌ఫిష్‌కి పొలుసులుండవు, పళ్ళుండవు. ఒళ్ళంతా ఊదారంగు, ఇత్తడి బిందెలా నున్నగా మెరిసి, చూస్తుండగానే బూడిదరంగైపోయింది. అప్పుడు టేపు తీశారు. కత్తి లెక్కలోకి రాదు, కింది దవడ చివర నుంచి తోక చీలిక దాకా కొలవాలి. 47 అంగుళాలకి తక్కువైతే వదిలెయ్యాలి. చేప జారుతోంది, బోటు ఊగుతోంది, టేపు రక్తంలో తడిసి అంకెలు కనపడటం లేదు. నేను చదివాను: 61. మళ్ళీ చదవమన్నారు. 61. ఇది జరిగాక మేం వేసిన కేకలు న్యూయార్క్ దాకా వినపడి ఉండాలి. పెద్దదేం కాదు లెండి. 1953లో చిలీలోని ఇకీకె దగ్గర గాలానికి పట్టిన 1,182 పౌండ్ల చేపే ఇప్పటికీ రికార్డు, దాని ముందు మాది పిల్ల.

అంత జాగ్రత్తగా కొలిచిన మాకు, ఆ కొలతని ఎవరికైనా చెప్పాలని మాత్రం తట్టలేదు. తట్టకపోవడానికి కారణం పర్మిట్ల గందరగోళం.

న్యూజెర్సీలో ఉప్పునీటి వేటకి రాష్ట్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఒకటుంది, పదహారేళ్ళు దాటినవాళ్ళు చేసుకోవాలి, డబ్బు కట్టక్కర్లేదు. అది నా పేరు మీద ఉంది. కెప్టెన్ గారు బోటు కొన్నచోట అమ్మినాయన నాకు "అది చాలు, ఇంకేం అక్కర్లేదు" అని భరోసా ఇచ్చేశాడు. చాలదు. ట్యూనాలు, షార్కులు, మార్లిన్లు, స్వోర్డ్‌ఫిష్ లాంటి, దేశదేశాలు దాటి తిరిగే చేపల కోసం అట్లాంటిక్‌లో వేటకెళితే అమెరికా కేంద్ర ప్రభుత్వపు సముద్ర చేపల శాఖ నోవా ఫిషరీస్ ఇచ్చే హెచ్‌ఎంఎస్ యాంగ్లింగ్ పర్మిట్ ఉండాలి. ఇది ఫెడరల్ పర్మిట్. ఇరవై డాలర్ల పైచిలుకు, ఆన్‌లైన్లో కాసేపట్లో వచ్చేస్తుంది, డిసెంబర్ 31తో అయిపోతుంది, ఏ నెలలో తీసుకున్నా సరే. షార్కుల కోసమైతే అదనంగా ఒక వీడియో చూసి క్విజ్ రాసి ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. ఇవన్నీ చిన్న విషయాలు. అసలు విషయం ఏమిటంటే, ఆ పర్మిట్ మనిషికి కాదు, బోటుకి. బోటుకి పర్మిట్ ఉంటే అందులో ఎక్కినవాళ్ళందరికీ ఉన్నట్టే.

వినడానికి సౌకర్యంగానే ఉంది కదా. నాకైతే ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. పర్మిట్ బోటుదైతే రిపోర్టు చేసే బాధ్యత కూడా బోటు ఓనరుదో, ఆయన చెప్పిన మనిషిదో అవుతుంది. పట్టినవాడు అతిథి. చేప ముక్కలు కూలర్లో వేసుకుని ఇంటికొచ్చేస్తాడు, ఓనరేమో బోటు కడిగి, రాడ్లు కడిగి, పెట్రోలు బిల్లు చూసుకుని, రెండు రోజులు నిద్ర లేక పడిపోతాడు. అతిథి అనుకుంటాడు ఓనరు చూసుకుంటాడని, ఓనరు అనుకుంటాడు రేపు చూద్దామని. 24 గంటలు అలా పోతాయి. మా కెప్టెన్ గారి దగ్గర పర్మిట్ ఉంది, ప్రింటు తీసి జిప్ కవర్లో పెట్టి స్టీరింగ్ కింద దాచారు, మనిషి అంత పద్ధతి. కానీ పర్మిట్ తీసుకోవడం అంటే రిపోర్టు చేస్తానని ఒప్పుకోవడం కూడా అని ఆయనకు తెలీదు. నాకసలు పర్మిట్ ఉందన్న సంగతే తెలీదు.

బుధవారం సాయంత్రం బోటు దగ్గర ఏదో రిపేరు ఉంటే ఇద్దరం వెళ్ళాం. చేపలు కోసే బల్ల దగ్గర ఒక పెద్దాయన, రిటైరైన మనిషి, ఎప్పుడూ అక్కడే ఉంటాడు. ఫోటో చూపించాం, ఇంకేం చేస్తాం. ఆయన ఫోటో చూసి, మెచ్చుకుని, నంబరు వచ్చిందా అన్నాడు. ఏ నంబరు అన్నాం. ఆయన కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, మా ఇద్దరి మొహాలూ చూశాడు.

రిపోర్టు అవ్వగానే ఒక కన్ఫర్మేషన్ నంబరు ఇస్తారు. అది చేతికొచ్చేదాకా రిపోర్టు అయినట్టు కాదు. వెబ్‌సైట్లో చెయ్యొచ్చు, ఫోన్ యాప్‌లో చెయ్యొచ్చు, టోల్ ఫ్రీ నంబరుకి కాల్ చెయ్యొచ్చు. మేరీలాండ్‌లోనూ నార్త్ కరోలినాలోనూ ఇంకో పద్ధతి, రేవులోనే రిపోర్టింగ్ స్టేషన్లుంటాయి, కార్డు నింపితే చేపకి కట్టే ట్యాగ్ ఇస్తారు. స్వోర్డ్‌ఫిష్‌కే కాదు, మార్లిన్లకీ సెయిల్‌ఫిష్‌కీ ఒడ్డుకు తెస్తే ఇదే 24 గంటల లెక్క. బ్లూఫిన్ ట్యూనా అయితే ఒడ్డుకు తెచ్చినదే కాదు, చచ్చిపోతే సముద్రంలో పారేసినది కూడా చెప్పాలి. స్వోర్డ్‌ఫిష్, మార్లిన్ లాంటివి టోర్నమెంట్‌లో పడితే నిర్వాహకులే చెబుతారు. ఆ రాత్రి కారులో కూర్చుని మా కెప్టెన్ గారు పర్మిట్ నంబరు, తేదీ, రేవు, పొడవు, అన్నీ నింపారు. ఐదు నిమిషాలు. తేదీ దగ్గర నిజం రాద్దామా, నిన్నటిది రాద్దామా అని ఒక్క క్షణం ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నిజమే రాశాం. నంబరు వచ్చింది. ఎవరూ రాలేదు, ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆలస్యానికి జరిమానా పడొచ్చని రెండు వారాలు టెన్షన్ మాత్రం మిగిలింది.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెబితే ఆవిడ అన్న మాట: "ఏటిరా, చేపని పట్టినందుకు ఎవడికో చెప్పుకోవాలా? మనం పట్టినవన్నీ ఎవడికి చెప్పాం?"

మా వైపు స్వోర్డ్‌ఫిష్‌నీ మార్లిన్‌నీ సెయిల్‌ఫిష్‌నీ ముక్కు పొడుగ్గా ఉన్నదాన్నల్లా కొమ్ము కోనాం అనే అంటారు. ముక్కు బల్లపరుపుగా కత్తిలా ఉంటే స్వోర్డ్‌ఫిష్, గుండ్రంగా ఉంటే మార్లిన్, కానీ అంత తేడా ఎవరికి కావాలి. 2025 జూలైలో పూడిమడక నుంచి వేటకెళ్ళిన మత్స్యకారుణ్ణి గాలానికి పడ్డ కొమ్ము కోనాం సముద్రంలోకి లాక్కుపోయిందని వార్తల్లో చదివి అమ్మ వారం రోజులు నాకు రోజూ ఫోన్ చేసింది, నేను ఇక్కడ న్యూజెర్సీలో ఆఫీసులో కూర్చుని ఉన్నా సరే.

అమ్మ ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. భీమిలిలో పట్టినవాడు ఎవరికీ చెప్పడు. నిజమే. కానీ చేప లెక్కలోకి రాదనుకుంటే పొరపాటు. చిన్నప్పుడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి నాన్నతో వెళ్ళినప్పుడు, చేపల వేలంపాట పాడేవాళ్ళ మధ్య, బుట్టల మధ్య, ఒకతను పుస్తకం పట్టుకుని రాసుకుంటూ తిరగడం చూసేవాణ్ణి. వడ్డీ వసూలు చేసుకునేవాడేమో అనుకునేవాణ్ణి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ) వాళ్ళు ఎన్నుకున్న రేవుల్లో, ఎన్నుకున్న రోజుల్లో, కొన్ని బోట్లని ఎంచుకుని ఏం దిగిందో చూసి రాసుకుంటారని, దాన్నుంచే దేశమంతటి సముద్రపు చేపల లెక్క కడతారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. బహుశా అతను వాళ్ళ మనిషే. అక్కడ అది కుదురుతుంది, ఎందుకంటే చేప అమ్మడానికే వస్తుంది. రేవుకి రావాలి, పాటకి రావాలి, నలుగురి కళ్ళబడాలి. పట్టినవాడు నోరు విప్పకపోయినా చేప తన సంగతి తనే చెప్పుకుంటుంది.

ఇక్కడ సరదా వేట చేపని అమ్మకూడదు. పౌండు ఎంత అని అడిగిన మిత్రులారా, సారీ, అమ్మితే నేరం. కమర్షియల్ బోటు చేపని డీలరు కొంటాడు, డీలరు రిపోర్టు చేస్తాడు, అంటే ఆ చేపకి కనీసం ఒక సాక్షి ఉన్నాడు. మా చేపకి? మా ప్రైవేటు రేవులో దిగింది, మా బల్ల మీద కోశాం, మా ఫ్రీజర్లోకి పోయింది. కొంత నలుగురైదుగురు ఇళ్ళకి పంచాం (గర్భంతో ఉన్న ఒక ఫ్రెండ్ వైఫ్‌కి మాత్రం ఇవ్వలేదు, స్వోర్డ్‌ఫిష్‌లో పాదరసం ఎక్కువ, గర్భిణులూ చిన్నపిల్లలూ తినొద్దని అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది, వాళ్ళు నొచ్చుకున్నా నేను ఇవ్వలేదు). మేం చెప్పకపోతే ఆ చేప ఈ భూమ్మీద పట్టుబడనే లేదు. సరదా వేటకి పుస్తకం పట్టుకుని తిరిగే మనిషి మనమే. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా రూలంతా తనంతట తనే అర్థమవుతుంది.

మా రేవులో చెప్పే సాకుల్లో మొదటిది, మన ఒక్క చేపకి సముద్రం ఖాళీ అయిపోతుందా అనేది. దీనికి నేను జవాబు చెప్పడం మానేశాను. రెండోది మన తెలుగువాళ్ళ స్పెషల్: "గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది బాబూ, ఏ ఫెడరల్ సైట్లోనూ మన పేరు ఎందుకు." ఈ భయాన్ని నేను వెక్కిరించను, పదకొండేళ్ళు ఆ లైన్లో నిలబడ్డవాణ్ణి, పార్కింగ్ టికెట్ వచ్చినా లాయర్ని అడిగిన రోజులున్నాయి. కానీ ఆలోచించండి, కోస్ట్ గార్డ్ బోటు ఎప్పుడైనా ఆపుతుంది, పర్మిట్ చూపించమంటుంది. అసలు భయపడాల్సింది ఫెడరల్ చేపని ఫెడరల్ పర్మిట్ లేకుండా కూలర్లో పెట్టుకుని తిరగడానికి, ఫారం నింపడానికి కాదు.

మూడోది కాస్త గట్టిది. చెబితే లెక్క పెరుగుతుంది, లెక్క పెరిగితే మూసేస్తారు, కాబట్టి నోరు మూసుకుని ఉండటమే తెలివి. దీనికి వాళ్ళు చూపించే ఉదాహరణ కూడా కల్పన కాదు. 2025 ఆగస్టులో సరదా వేట బ్లూఫిన్‌ని సీజన్ మధ్యలో మూసేశారు, డిసెంబరు చివరిదాకా. మా రేవులో ఆ వారం అందరి మొహాలూ ఎండిపోయాయి. "చూశావా, చెప్పి చెప్పి ఇదిగో" అన్నారు నాతో.

కానీ సరదా వేట లెక్క కేవలం మనం పంపే రిపోర్టులతోనే కట్టరు. వేసవి నుంచి అక్టోబరు దాకా మెయిన్ రాష్ట్రం నుంచి వర్జీనియా వరకు లార్జ్ పెలాజిక్స్ సర్వే అని ఒకటి నడుస్తుంది, రేవుల్లో నిలబడి తిరిగొచ్చిన బోట్లని అడుగుతారు, పర్మిట్ ఉన్నవాళ్ళకి ఫోన్ చేస్తారు, దొరికిన జవాబుల్ని హెచ్చవేసి మొత్తం అంచనా కడతారు. అంటే మనం చెప్పకపోతే లెక్క సున్నా అవ్వదు. ఎవరో పది బోట్లని అడిగి మన వెయ్యి బోట్లకి గుణిస్తారు. ఆ గుణకారం తప్పని తర్వాత మీటింగుల్లో అరుస్తాం, తప్పని చూపించడానికి మన దగ్గర కాగితం ఏదీ ఉండదు, ఎందుకంటే ఆ కాగితాన్ని మనమే పుట్టనివ్వలేదు. అంచనా మీద కోపం ఉన్నవాడు అందరికంటే ముందు రిపోర్టు చెయ్యాలి. నా మాట విని ఒకాయన "నువ్వు నోవాలో పనిచేస్తావా" అన్నాడు. లేదండీ, ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూస్తాను. నల్ (అసలు నమోదే లేకపోవడం) వేరు, సున్నా వేరు అని నాకంటే బాగా ఎవరికి తెలుసు.

స్వోర్డ్‌ఫిష్ సంగతి బ్లూఫిన్‌కి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది, అది మా రేవులో ఎవరూ మాట్లాడరు. ఉత్తర అట్లాంటిక్‌లో ఏ దేశం ఎంత పట్టాలో ఐక్యాట్ అనే అంతర్జాతీయ కమిషన్, మాడ్రిడ్‌లో దాని ఆఫీసు, అది నిర్ణయిస్తుంది. అమెరికా వాటాని అమెరికా చాలా ఏళ్ళుగా పూర్తిగా పట్టడం లేదు. పట్టని వాటా మీద మిగతా దేశాల కన్ను ఉండదా? మన ఊళ్ళో బీడు పెట్టిన పొలం మీద పక్కవాడి కన్ను పడదా? సరదాగా పట్టిన చేపలు కూడా ఆ దేశపు లెక్కలోకే పోతాయి. ఇక్కడ దాచిన ప్రతి చేపా "వీళ్ళకి ఇంత అక్కర్లేదు" అన్న వాదనకి బలం. మూసేస్తారన్న భయంతో దాచి, అక్కర్లేదన్న మాటకి మనమే సాక్ష్యమిస్తున్నాం.

అసలు ఈ చేప మాకు పడటానికి కారణం కూడా లెక్కలే. 1990ల చివరికి ఉత్తర అట్లాంటిక్‌లో స్వోర్డ్‌ఫిష్ బాగా తగ్గిపోయింది, పడేవన్నీ పిల్లలే. 1998లో ఎన్‌ఆర్‌డీసీ, సీవెబ్ అనే పర్యావరణ సంస్థలు స్వోర్డ్‌ఫిష్‌కి కాస్త విరామం ఇవ్వండని ప్రచారం మొదలుపెడితే పేరున్న షెఫ్‌లు చాలామంది మెనూల్లోంచి తీసేశారు. 1999లో ఐక్యాట్ పదేళ్ళ కోలుకునే ప్రణాళిక పెట్టింది. 2000, 2001లో ఫ్లోరిడా తూర్పు తీరంలోనూ మెక్సికో గల్ఫ్‌లోనూ పిల్లచేపలు ఎక్కువగా ఉండే మేర లాంగ్‌లైన్ బోట్లకి (మైళ్ళ పొడవు తాడుకి వందల గాలాలు కట్టి పట్టే కమర్షియల్ బోట్లు) మూసేశారు. 2009కల్లా చేపలు కోలుకున్నాయని ప్రకటించారు. పదేళ్ళలో తిరిగొచ్చిన పెద్ద చేప, ఇలాంటి కథలు చేపల లోకంలో ఎన్నో లేవు. సరదా వేటకి రిపోర్టింగ్ రూలు ఈ కథ మధ్యలోనే, 2003లో వచ్చింది. మనల్ని వేధించడానికి కనిపెట్టినది కాదు.

ఆ లాంగ్‌లైన్ బోట్ల వాళ్ళు ఇప్పుడు ఎలా బతుకుతున్నారో చూస్తే నాకైతే సిగ్గేస్తుంది. బోటు ఎక్కడుందో శాటిలైట్ చెబుతూ ఉంటుంది, లాగ్‌బుక్ రాయాలి, అప్పుడప్పుడు ఒక అబ్జర్వర్‌ని ఎక్కించుకోవాలి, 2015 నుంచి డెక్ మీద కెమెరాలు. వాళ్ళు పొట్టకూటికి పోయేవాళ్ళు. మనం డాలర్లు తగలేసి సరదాకి పోయేవాళ్ళం, ఐదు నిమిషాల ఫారానికి "ఇదంతా ఎవడు చేస్తాడు" అంటాం. పైగా సముద్రం ఖాళీ చేసేది వాళ్ళేనని కాఫీ తాగుతూ తీర్పులు చెబుతాం.

రూల్స్ చక్కగా ఉన్నాయని నేను అనడం లేదు. అదే కాన్యన్ అంచున టైల్‌ఫిష్ పట్టాలంటే 2020 నుంచి దానికి మళ్ళీ వేరే ఫెడరల్ పర్మిట్, వేరే యాప్, దానికీ 24 గంటలే. ఒకే ట్రిప్పులో ఒక స్వోర్డ్‌ఫిష్, నాలుగు టైల్‌ఫిష్ పడితే రెండు చోట్ల రెండు ఫారాలు. జనవరి ఒకటిన పర్మిట్ చచ్చిపోతుంది, జూన్‌లో బోటు నీళ్ళలో దించేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది. బోటు అమ్మేవాళ్ళు, ఎర అమ్మేవాళ్ళు, రేవు అద్దెకిచ్చేవాళ్ళు, ఒక్కరి గోడ మీదా ఒక్క కాగితం ఉండదు, నేను చూసినంతలో. ఇవన్నీ తిట్టండి, నేనూ కలుస్తాను. రిపోర్టు చేసి వచ్చి తిడదాం.

సొంతూరి మీద కూడా ఒక మాట. 2025 నవంబర్లో భారత ప్రభుత్వం ఈఈజడ్‌లో (దేశానికి చేపల మీద హక్కున్న సముద్రం మేర) వేటకి కొత్త రూల్స్ తెచ్చింది, మర పడవలకి, పెద్ద మోటారు బోట్లకి ఆన్‌లైన్లో యాక్సెస్ పాస్ అంటున్నారు, తెప్పలకీ చిన్న సంప్రదాయ పడవలకీ అక్కర్లేదంటున్నారు. అమ్మ ఫోన్లో చదివి వినిపించి "అక్కడి రోగం ఇక్కడికీ వచ్చింది" అంది. ఏటా ఎండాకాలంలో పెట్టే వేట నిషేధానికి మా వీధి మొత్తం తిట్టుకుంటూనే వలలు బాగుచేసుకుంటూ కూర్చోవడం చూస్తూ పెరిగాను, ఎవరూ దొంగతనంగా వెళ్ళలేదని అబద్ధం చెప్పను, కానీ ఎక్కువమంది ఆగేవాళ్ళు. కడుపు కాలినా ఆగేవాళ్ళు. కడుపు నిండిన నేను ఐదు నిమిషాలు కూర్చోలేనా?

ఇప్పుడు మా బోటులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. నంబరు వచ్చేదాకా చేపకి కత్తి పెట్టం. అతిథులెవరైనా సరే, కూలర్లు తెరుచుకుని నిలబడాల్సిందే. నంబరు రాగానే కూలర్ మూత లోపలివైపు మార్కర్‌తో రాస్తాం, తేదీ, పొడవు, పక్కన నంబరు. మొదటి ఏడాది లేటు నంబరు కూడా పైన రాసే ఉంది, కెప్టెన్ గారు దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. వచ్చిన కొత్తవాళ్ళు ఇదేంటని అడుగుతారు, అప్పుడు ఆయన పర్మిట్ దగ్గర్నుంచి మొదలుపెడతారు, నేను ఎర కోసే నెపంతో వెనక్కి జారుకుంటాను.

పోయిన సెప్టెంబర్లో మళ్ళీ ఒకటి పడింది, తెల్లారుజామున. బోటు పక్కన నీళ్ళలోనే పెట్టి కొలిచాం. ఈసారి టేపు కెప్టెన్ గారి చేతిలో, లైటు నా చేతిలో. 44. మళ్ళీ కొలవండి సార్ అన్నాను. మళ్ళీ 44. ముక్కు పక్కన దారం కోసేశారు. అది కాసేపు అక్కడే, ఎటు పోవాలో తెలీనట్టు, ఆ పెద్ద కన్ను మా లైటు వైపే పెట్టి నిలబడి, తర్వాత తోక ఒక్కసారి విదిల్చి కిందికి దిగిపోయింది. రేవుకొచ్చాక చూస్తే ఆయన ఫోన్ తీసి యాప్ ఓపెన్ చేసి ఉన్నారు. "సార్, వదిలేశాం కదా" అన్నాను. "అవును కదా" అని, ఒక క్షణం ఆ స్క్రీన్ వంకే చూసి, మూసేశారు.